ఏడ్వని బిడ్డ

(పఠనభాగము: నిర్గమకాండము 2:1–10)



ఈ నెల పాఠమునకు ముందు ఒక సంగతి చెప్పవలసియున్నది. అది మాకు సిగ్గు కలిగించిన సంగతి. అయినను చెప్పుటయే మేలని తోచుచున్నది.

కొన్ని యేండ్ల క్రిందట, మిరపకోతల కాలమున, మెట్టప్రాంతమందలి ఒక పల్లెలో గృహకూడికకు వెళ్ళితిమి. ఆ దినములలో ఆ పల్లెయందు వయసువారు మిక్కిలి తక్కువగా నుందురు. కాయలు కోయుటకు గుంటూరు వైపు పోవుదురు. ముసలివారును పిల్లలును ఇండ్లయొద్ద మిగులుదురు. మేము వెళ్ళిన యింటిలో ఒక అవ్వ తన మనుమరాలిని చూచుకొనుచుండెను. పిల్లకు 14 నెలలు. మేము పాటలు పాడినను, తప్పెట కొట్టినను, ఆ పిల్ల చాపమీద కూర్చున్నచోటనే కూర్చుండి మావైపు చూచుచుండెను. ఏడ్వలేదు, ప్రాకలేదు, చేయి చాపలేదు.

"మా పిల్ల శానా మంచిది అయ్యగారూ. ఆకలైనా ఏడ్సదు. యాడ కూసోబెడితే ఆడనే ఉంటాది" అని అవ్వ సంతోషముగా చెప్పెను.

మేమును సంతోషించితిమి. పిల్ల తలమీద చేయి ఉంచి, ఇంత నెమ్మదిగల బిడ్డను ఆ యింటికిచ్చినందుకు దేవునికి స్తోత్రము చెల్లించి, తరువాతి యింటికి పోతిమి.

మాతో వచ్చిన ఒక సహోదరి మాత్రము కదలలేదు. ఆమె పొరుగూరిలో అంగన్‌వాడీ టీచరు. ఆమె పిల్లయెదుట కూర్చుండి గిలక ఆడించెను. పిల్ల కన్నులు కదలినవి గాని చేయి రాలేదు. అప్పుడామె తన సంచిలోనుండి కొలతపట్టీ తీసి పిల్ల జబ్బకు చుట్టి చూచెను. పట్టీ ఎర్రరంగు చూపెను.

"అవ్వా, ఇది మంచితనం కాదు. పిల్లకు ఏడ్చే సత్తువ లేదు" అని ఆమె మెల్లగా చెప్పెను.

సహోదరులారా, మేము స్తోత్రము చెల్లించినది ఒక బిడ్డయొక్క ఆకలి కొరకు. ఈ మాట అప్పటినుండి మమ్మును విడువలేదు. అందుచేతనే ఈ పాఠము.

1. ఏడ్పు బిడ్డయొక్క భాష

పఠనభాగమును నెమ్మదిగా చదువుడి. రాజాజ్ఞ ఉన్నందున ఒక తల్లి తన మగబిడ్డను మూడు నెలలు దాచినది. ఆ యింటిలో బిడ్డ ఏడ్చిన ప్రతిమారును ఆమె గుండె ఎంత కొట్టుకొనియుండునో తల్లులైనవారికి తెలియును. ఆ ఏడ్పు వీధిలో వినబడినయెడల బిడ్డ ప్రాణము పోవును. ఇక దాచలేక, జమ్ముపెట్టె చేసి, నీరు చొరకుండ పూసి, ఏటియొడ్డున జమ్ములో ఉంచినది. తరువాత రాజు కుమార్తె ఆ పెట్టె తెరచినప్పుడు ఆమెకు కనబడినది ఏడ్చుచున్న బిడ్డ. ఆమె జాలిపడెను. ఏ ఏడ్పు బిడ్డను చంపునని తల్లి భయపడెనో ఆ ఏడ్పే బిడ్డను బ్రతికించెను.

ఏల? వినినవారు ఉన్నారు గనుక. హాగరు కుమారుని విషయములోను అట్లే జరిగినది. అరణ్యములో తల్లి దూరముగా పోయి కూర్చుండగా, దేవుడు ఆ చిన్నవాని మొరను వినెనని ఆదికాండము 21వ అధ్యాయములో చదువుచున్నాము.

చంటిబిడ్డకు ఏడ్పు తప్ప వేరు భాష లేదు. ఆకలికి అదే, తడిబట్టకు అదే, చీమకాటుకు అదే, భయమునకు అదే, ఒడి కావలెననుటకు అదే. బిడ్డ పిలుచును, ఎవరో ఒకరు వచ్చెదరు. మరల పిలుచును, మరల వచ్చెదరు. ఈ రాకపోకలవలననే బిడ్డ మెదడులోని నరముల బంధములు బలపడుచున్నవి. నేను పిలిచినయెడల పలుకువారు ఉన్నారని బిడ్డ మొదట నేర్చుకొనును. తక్కిన చదువంతయు దానిమీద కట్టబడును.

ఏడ్చినప్పుడెల్ల ఎత్తుకొనినయెడల పిల్ల చెడిపోవునని కొందరు పెద్దలందురు. చంటిబిడ్డ విషయములో అది నిజము కాదు. ఎంత పిలిచినను ఎవరును రాకపోయినయెడల బిడ్డ కొంతకాలమునకు పిలుచుట మానును. కడుపు చాలినంత నిండని బిడ్డయు అంతే. ఉన్న కొద్ది సత్తువను కాపాడుకొనుటకు దేహము మొదట ఆటను తగ్గించును, పిమ్మట సందడిని తగ్గించును. అప్పుడు మనము "మంచి పిల్ల" అందుము. నెమ్మదిగల పిల్లలందరును రోగులు కారు. పిలిచిన నవ్వి, చేతికిచ్చినది పట్టుకొని, కడుపునిండ తిని, వయసుకు తగినట్లు పెరుగుచున్న నెమ్మది మంచిదే. అయితే నవ్వును ఆటయు లేని నెమ్మదిని చూచి ఊరకుండరాదు.

2. కనబడని లేమి

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఐదేండ్లలోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31.2 మందియు, తెలంగాణలో 33.1 మందియు ఉన్నట్టు తేలెను. అనగా ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఒకరు. ఇది కరవు కాలపు లెక్క కాదు. అయినను తల్లిదండ్రులకు ఇది కనబడదు, ఏలయనగా ప్రక్కయింటి పిల్లయు అంతే ఎత్తు ఉండును.

గర్భము నిలిచిన దినము మొదలుకొని రెండవ పుట్టినదినము వరకు ఇంచుమించు 1,000 దినములు. రెండేండ్ల వయసునకు బిడ్డ మెదడు పెద్దవారి మెదడు పరిమాణములో సుమారు 80 వంతులకు వచ్చును. పైరుకు తొలి తడి అందవలసినప్పుడు అందకపోయిన, తరువాత ఎంత నీరు పెట్టినను పూర్వపు కాపు రాదని సేద్యగాండ్రకు తెలియును. పిల్లల విషయములో తరువాత చేయు సహాయము వ్యర్థము కాదు గాని, ఈ మొదటి దినములకు సాటియైన దినములు లేవు.

3. అరువది గ్రామముల సాక్ష్యము

తిండి పెట్టినయెడల చాలదా, బిడ్డతో మాటలును ఆటలును ఎందుకని ఒకరు అడుగవచ్చును. దీనికి మన ప్రాంతమునుండియే జవాబున్నది.

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామములలో, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు పాల్గొని ఒక పరిశోధన జరిపిరి. దాని ఫలితములు 2013లో ప్రకటింపబడెను. 600 మంది తల్లులను వారి బిడ్డలను, గ్రామమునకు గ్రామముగా, మూడు గుంపులు చేసిరి. బిడ్డలకు 3 నెలల వయసున మొదలుపెట్టి 15 నెలల వరకు చూచిరి. మొదటి గుంపునకు అంగన్‌వాడీయొక్క వాడుక సేవలు మాత్రమే. రెండవ గుంపు ఇండ్లకు తర్ఫీదు పొందిన గ్రామస్త్రీలు వెళ్ళి, తల్లిపాలను గూర్చియు, ఏ వయసున ఏమి తినిపించవలెననియు నేర్పిరి. మూడవ గుంపు ఇండ్లలో ఇవన్నియు నేర్పుచు, బిడ్డ సైగలను కనిపెట్టి ఓర్పుతో తినిపించుటయు బిడ్డతో ఆడుకొనుటయు కూడ నేర్పిరి.

ఫలితమేమి? రెండు, మూడు గుంపుల బిడ్డలు మొదటి గుంపు బిడ్డలకంటె మంచి ఆహారము తినిరి. ఎత్తు విషయములో మేలు కనబడినది రెండవ గుంపులో. బుద్ధివికాసపు పరీక్షలో మేలు కనబడినది మూడవ గుంపులో మాత్రమే. తిండియొక్క పని తిండిదే, మాటయొక్క పని మాటదే. ఒకటి ఉన్నదని రెండవదానిని మానుటకు వీలులేదు. బాలుడైన యేసు జ్ఞానమందును వయస్సునందును పెరిగెనని లూకా రెండింటిని కలిపియే వ్రాసియున్నాడు (లూకా 2:52).

ఆ మేలు బిడ్డ పెద్దయైన తరువాత నిలుచునా? ఇందుకు దూరదేశపు సంగతియొకటి చెప్పవలెను. వెస్టిండీసు ద్వీపములలోనొకటైన జమైకాలో, కింగ్‌స్టన్ పట్టణపు పేదవాడలలో, 1986–87లో ఎత్తు తక్కువగానున్న 129 మంది పసిపిల్లలను ఎన్నుకొనిరి. కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లపాటు వారమునకు ఒక గంట వెళ్ళి, ఇంటిలో దొరకు వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎట్లు ఆడించవలెనో తల్లికి చూపిరి. ఇరువది యేండ్ల తరువాత చూడగా, అట్లు ఆడింపబడిన పిల్లల సంపాదన తక్కినవారి సంపాదనకంటె నూటికి 25 వంతులు ఎక్కువగా నుండెనని 2014లో ప్రకటించిరి. ఆ తల్లులు ధనవంతులు కారు, వారి బొమ్మలు కొన్నవియు కావు.

4. ఇంటిలో చేయవలసినది

మొదటిది, పాలు. బిడ్డ పుట్టిన గంటలోగా తల్లిపాలు పట్టవలెను. ముర్రుపాలు పిండి పారబోయకూడదు. అది బిడ్డకు రోగములనుండి మొదటి కవచము. తేనె, గాడిదపాలు, చక్కెరనీళ్ళు వద్దు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును, ఎండకాలమైనను వేరుగా నీళ్ళు అక్కరలేదు. వైద్యుడు చెప్పిన మందు మాత్రము ఇయ్యవచ్చును.

రెండవది, అన్నము. ఆరు నెలలు నిండగనే మెత్తగా మెదిపిన తిండి మొదలుపెట్టి, తల్లిపాలు రెండేండ్లవరకును అటుపైనను ఇయ్యవలెను. ఎనిమిది నెలలవరకు దినమునకు రెండు మూడు మారులు, తొమ్మిది నెలలనుండి మూడు నాలుగు మారులు, నడుమ పండో మరియేదైన చిరుతిండియో. పలుచని గంజి కడుపు నింపును గాని బలమియ్యదు. గరిటెనుండి జారిపోనంత చిక్కగా పప్పన్నము మెదిపి, చెంచాడు నూనెయో నెయ్యియో కలిపి, గుడ్డు, ఆకుకూర, అరటి, బొప్పాయి వంటివి చేర్చుడి. టీ, బిస్కట్లతో ఆకలి చంపకుడి. బిడ్డకు వేరుగా ఒక గిన్నె పెట్టినయెడల ఎంత తినినది తెలియును.

మూడవది, తినిపించు విధము. నోరు నొక్కి కుక్కుట తగదు, ఎదుట పెట్టి పోవుటయు తగదు. బిడ్డ మొగము చూచుచు, మాటలాడుచు, వద్దన్నప్పుడు కొంత ఆగి మరల పెట్టవలెను.

నాలుగవది, మాటయు ఆటయు. స్నానము చేయించునప్పుడు ముక్కేది చెవియేది అని చెప్పుడి. వడ్లు చెరుగునప్పుడు చేట చూపి పేరు చెప్పుడి. బిడ్డ "ఊ" అనినప్పుడు మీరును "ఊ" అనుడి. రెండు కొబ్బరిచిప్పలు, మూతగల డబ్బా, గుడ్డబొమ్మ చాలును. నోటిలో పట్టునంత చిన్న వస్తువు మాత్రము ఇయ్యకుడి. తండ్రులారా, ఇది ఆడవారి పనియని తప్పించుకొనవద్దు. ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొనెనని మార్కు 10వ అధ్యాయములో ఉన్నది. ఆయనకు తగిన పని మనకు తక్కువ కాదు.

ఐదవది, ఫోను. నేడు ఏడ్చు బిడ్డ చేతికి ఫోను ఇచ్చి ఊరకుంచుట ప్రతియింట కనబడుచున్నది. రెండేండ్లలోపు బిడ్డకు ఫోను, టీవీ వద్దనియు, రెండేండ్లనుండి నాలుగేండ్లవరకు దినమునకు గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. ఫోను బిడ్డను ఊరకుంచును గాని బిడ్డకు బదులు పలుకదు.

5. ఆరోగ్య సేవలను వాడుకొనుట

ప్రార్థించువారు వైద్యమును మానవలెనని ఎక్కడను లేదు. సుస్తీగానున్న తిమోతికి పౌలు ప్రార్థనతో సరిపెట్టక, కడుపునకు తగిన ఉపచారముకూడ వ్రాసి పంపెను (1 తిమోతి 5:23).

సమగ్ర శిశు అభివృద్ధి సేవలు 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మన దేశములో మొదలాయెను. నేటి అంగన్‌వాడీలు దానినుండి వచ్చినవే. అక్కడ బిడ్డను ప్రతి నెల తూచి, పెరుగుదలను కార్డుమీద గుర్తింతురు. ఆ గీత పైకి పోవుచున్నదా, అడ్డముగా నిలిచినదా అని అడిగి తెలిసికొనుట మీ హక్కు. ఆరు నెలలనుండి ఐదేండ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనయెడల అది తీవ్రమైన లేమి, వెంటనే ఆసుపత్రికి చూపవలెను. 11.5కును 12.5కును నడుమ ఉన్నను జాగ్రత్తపడవలెను. ఇంటికి తెచ్చిన బాలామృతమును ఆ బిడ్డకే పెట్టుడి, ఇంటిల్లిపాది పంచుకొనకుడి.

టీకాలు పుట్టినప్పుడును, 6, 10, 14 వారములకును, 9 నెలలు నిండినప్పుడును, 16 నుండి 24 నెలల నడుమను, మరల 5 యేండ్లు దాటినప్పుడును వేయింపవలెను. క్షయ, పోలియో, కామెర్లు, కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, తట్టు మొదలైన రోగములనుండి ఇవి కాపాడును. వలసపోవు కుటుంబములు కార్డును వెంట తీసికొనిపోవలెను. పోయిన ఊరిలోను టీకా ఉచితమే. తొమ్మిదవ నెలనుండి ఐదేండ్లవరకు ఆరు నెలలకొకమారు విటమిన్ ఏ మందు పోయించవలెను.

విరేచనములు పట్టినప్పుడు పాలును అన్నమును మానిపింపకుడి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లము నొకదానిని లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొంచెము కొంచెముగా పట్టుడి. జింకు మందును ఆశా కార్యకర్తనో నర్సమ్మనో అడిగి, విరేచనములు కట్టినను 14 దినములు పూర్తిగా వేయుడి. పాలు త్రాగలేకున్నను, త్రాగినదంతయు కక్కుచున్నను, ఫిట్సు వచ్చినను, ఊపిరి వేగమై డొక్కలెగురుచున్నను, మగతగా పడియున్నను, వాతలు పెట్టించుచు దిష్టి తీయించుచు పొద్దుపుచ్చక 108కి ఫోను చేయుడి.

ఎదుగుదల గుర్తులను కూడ కనిపెట్టుడి. మూడు నెలలకు పలుకరించిన నవ్వని బిడ్డను, ఆరు నెలలకు శబ్దమువైపు తల త్రిప్పని బిడ్డను, తొమ్మిది నెలలకు ఆధారము లేక కూర్చుండలేని బిడ్డను, పదునెనిమిది నెలలకు నడువని బిడ్డను నర్సమ్మకు చూపవలెను. ఇట్టి పిల్లలను పరీక్షించి సహాయము చేయుటకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఏర్పడినది. వాడే నేర్చుకొనునులే అని యేడాది గడుపుట ప్రేమ కాదు.

6. సంఘము చేయవలసినది

మరల పఠనభాగమునకు రండి. మోషే తల్లియొక్కతె ఆ బిడ్డను కాపాడెనా? అక్క దూరముగా నిలిచి కనిపెట్టెను. దాసి నీటిలోనుండి పెట్టె తెచ్చెను. రాజకుమార్తె జాలిపడెను. ఒక బిడ్డకు నాలుగు జతల చేతులు. మరియొక సంగతి గమనించుడి: బిడ్డకు పాలిచ్చి పెంచుటకు రాజకుమార్తె ఆ తల్లికి జీతమిచ్చెను. పాలిచ్చుట పని, బిడ్డను పెంచుట పని, దానికి కూలి తగునని పరరాజు కుమార్తెకు తెలిసినది. మన పల్లెలలో పచ్చిబాలింత కూలి పోవునను భయముతో పొలము పోవుచున్నది. ఆమె దినకూలిని ఎవరు భరింతురు? మొదటి కాన్పు తల్లులకు కూలినష్టమునకు బదులు కొంత సొమ్మిచ్చుటకు 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఏర్పడినది. తనకు వర్తించునేమో తల్లి అంగన్‌వాడీలో అడుగవలెను. అడుగుట తెలియనివారికి సంఘపు చదువరులు తోడుపోవలెను.

ఇంతకంటె ఎక్కువయు సంఘము చేయగలదు. కోతల కాలమున నలుగురు స్త్రీలు వంతులవారీగా గుడి వసారాలో పిల్లలను చూడవచ్చును. స్త్రీల సమాజము బాలింతకు కొన్ని దినములు వంట చేసిపెట్టవచ్చును. పిల్లలను తూచు దినమును ఆదివారమున ప్రకటింపవచ్చును. గృహదర్శనమునకు వెళ్ళు కాపరియు పెద్దలును ప్రార్థనకు ముందు బిడ్డను పిలిచి ఆడింపవలెను. నవ్వుచున్నదా, పట్టుకొనుచున్నదా చూడవలెను. మేము ఆ దినమున చేయనిది అదియే.

ఆ మనుమరాలి సంగతి చెప్పి ముగించెదము. ఆ సహోదరి మరునాడే అవ్వను వెంటబెట్టుకొని పిల్లను పోషకాహార పునరావాస కేంద్రమునకు తీసికొనిపోయెను. తల్లికి కబురు పంపగా ఆమె కోత విడిచి వచ్చెను. పోయిన కూలికి సంఘపు పేదలనిధినుండి కొంత ఇచ్చిరి. అటుపిమ్మట ఆ సహోదరి వారము వారము వచ్చి తల్లికిని అవ్వకును పిల్లతో ఆడుకొనుట నేర్పెను.

కొన్ని నెలలకు మేము మరల ఆ యింటిలో కూడుకొంటిమి. పాట మొదలైనదో లేదో పిల్ల గోల మొదలైనది. అవ్వ కొంగు లాగెను, తప్పెట కావలెనని చేతులు చాపెను, ఇయ్యకపోగా ఇల్లెగిరిపోవునట్లు ఏడ్చెను. ప్రార్థన సగములో నిలిచిపోయెను.

"సూడండి అయ్యగారూ, ఒక్క నిమిషం ఊరకుండదు. గొంతు సించుకుంటాది" అని అవ్వ విసుగుకొనినట్లు చెప్పెను గాని, ఆమె మొగమున విసుగు లేదు.

ఆ దినమున మేము రెండవసారి స్తోత్రము చెల్లించితిమి. ఈసారి తెలిసి చెల్లించితిమి.

ఇండ్లలో ధ్యానించుటకు ప్రశ్నలు

1. మోషే బ్రతుకుటకు తోడ్పడిన నలుగురు స్త్రీలు ఏమేమి చేసిరి? నేడు మన ఊరిలో ఆ పనులు ఎవరివి?

2. మీ వీధిలో రెండేండ్లలోపు బిడ్డలెందరు? వారిలో ఈ నెల తూయబడినవారెవరు, టీకా తప్పినవారెవరు?

3. మన సంఘములో పిల్లను విడిచి కూలికి పోక తప్పని తల్లి యెవరు? ఆమెకు మనము ఏ దినమున, ఏ గంటకు తోడుకాగలము?